పాత ట్రాక్టర్‌లో గేర్లు సరిగా పడటం లేదా? గేర్‌బాక్స్ విప్పే ముందు ఈ పరీక్షలు చేయండి



చిన్న, సన్నకారు రైతులు ట్రాక్టర్ కొనాలంటే ఎక్కువగా సెకండ్ హ్యాండ్ బండి వైపే చూస్తారు. పది, పదిహేనేళ్లు పనిచేసిన బండి చేతికి వస్తుంది. ఇంజిన్ బాగానే ఉంటుంది గానీ ఒకటి రెండు సీజన్లు గడిచేసరికి గేర్ల దగ్గర తంటా మొదలవుతుంది. గేరు వేస్తే కరకరమని శబ్దం వస్తుంది, వేసిన గేరు జారిపోతుంది, లేదా లివర్ ఎటూ కదలకుండా బిగుసుకుపోతుంది. ఇవి సరిగ్గా దమ్ము చేసే రోజుల్లోనే ఎక్కువగా వస్తాయి.

కొన్నేళ్ల క్రితం నా పరిధిలోని ఒక రైతుకు ఇలాగే జరిగింది. నారు ముదురుతోంది, కాలువ నీళ్లు వచ్చాయి, ట్రాక్టర్‌కు గేరు పడటం లేదు. మెకానిక్ వచ్చి గేర్‌బాక్స్ పోయిందని చెప్పి బండిని రెండు ముక్కలుగా విప్పాడు. ఐదు రోజులు బండి షెడ్డులోనే ఉంది. చివరికి తేలింది ఏమిటంటే, క్లచ్ పెడల్‌కు ఉండే రాడ్డు పిన్ను అరిగిపోయింది, అంతే. గేర్లకు ఏమీ కాలేదు. చిన్న పిన్ను మారిస్తే సరిపోయే చోట విప్పిన కూలీ, ఆయిల్ ఖర్చు, దమ్ముకు తెచ్చిన బాడుగ బండి ఖర్చు అన్నీ ఆయన మీదే పడ్డాయి. నాట్లు కూడా ఆలస్యమయ్యాయి.

అందుకే ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒక్కటే. గేరు పడకపోతే తప్పు గేర్‌బాక్స్‌దే అనుకోవద్దు. ముందు క్లచ్ చూడండి, తర్వాత లివర్, ఆయిల్ చూడండి. విప్పడం ఆఖరి పని. ఖర్చు లేని పరీక్షలు ముందు, ఖర్చయ్యేవి తర్వాత. ఈ వరుస తప్పితే నష్టపోయేది మీరే.

గేరు ఎలా పడుతుందో తెలుసుకోండి

ఇంజిన్ తిరుగుతున్నంతసేపు దాని వెనుక ఉన్న ఫ్లైవీల్ తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరుగుడును గేర్‌బాక్స్‌కు చేర్చేది క్లచ్ ప్లేటు. మీరు పెడల్ తొక్కినప్పుడు ప్లేటు ఫ్లైవీల్ నుంచి విడిపోవాలి. అప్పుడే గేర్‌బాక్స్‌లోకి వెళ్లే షాఫ్టు ఆగుతుంది. షాఫ్టు ఆగితేనే పళ్లు ఒకదానిలో ఒకటి నెమ్మదిగా కూర్చుంటాయి.

పాత ట్రాక్టర్లలో చాలావాటికి, కారులో ఉన్నట్టుగా, తిరిగే గేర్ల వేగాన్ని సమం చేసే ఏర్పాటు ఉండదు. కొన్నింటిలో గేరు చక్రమే జరిగి ఇంకో చక్రంలో కూర్చుంటుంది. మరికొన్నింటిలో చక్రాలు ఎప్పుడూ కలిసే ఉంటాయి, వాటిని షాఫ్టుకు కలిపే పళ్ల కప్లింగ్ మాత్రం జరుగుతుంది. రెండు రకాల్లోనూ బండి పూర్తిగా ఆగాకే గేరు మార్చాలి. క్లచ్ సగమే విడిపోయి షాఫ్టు ఇంకా తిరుగుతుంటే పళ్లు రాసుకుంటాయి. మీకు వినిపించే కరకర అదే. అంటే శబ్దం గేర్‌బాక్స్‌లో వచ్చినా, కారణం చాలాసార్లు క్లచ్ దగ్గర ఉంటుంది.

పరీక్షకు ముందు జాగ్రత్తలు

- బండిని చదునైన, గట్టి నేల మీద ఆపండి. నాగలి, రోటవేటర్ వంటి పనిముట్టును నేలకు దించండి.
- రెండు బ్రేకు పెడళ్లను కలిపి కొక్కెం వేసి పార్కింగ్ బ్రేక్ వేయండి. చక్రాలకు ముందు, వెనుక రాళ్లు పెట్టండి.
- ఇంజిన్ ఆపి చేయాల్సిన పరీక్షలకు తాళం తీసి జేబులో పెట్టుకోండి.
- ట్రాక్టర్ ముందు, వెనుక, పెద్ద చక్రాల పక్కన ఎవరూ ఉండకూడదు. పిల్లల్ని దగ్గరకు రానివ్వవద్దు.
- కింద నిలబడి సెల్ఫ్ మోటార్ దగ్గర స్క్రూడ్రైవర్ పెట్టి స్టార్ట్ చేసే అలవాటు ఉంటే వెంటనే మానేయండి. గేరు తంటా ఉన్న బండిలో లివర్ న్యూట్రల్‌లో ఉన్నట్టు కనిపించినా లోపల గేరు పడే ఉండొచ్చు. స్టార్ట్ కాగానే బండి మీ మీదికే వస్తుంది. ఎప్పుడైనా సీట్లో కూర్చుని, క్లచ్ పూర్తిగా తొక్కి మాత్రమే స్టార్ట్ చేయాలి.

పరీక్ష 1: ఇంజిన్ ఆపి గేర్లు వేసి చూడండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష. రూపాయి ఖర్చు లేదు.

ఇంజిన్ ఆపి, క్లచ్ తొక్కి, ఒక్కొక్క గేరూ వేసి తీయండి. హై–లో లివర్‌ను కూడా రెండు స్థానాల్లోకి మార్చి చూడండి. ఒక్కోసారి పన్నుకు పన్ను ఎదురై గేరు పడదు. అప్పుడు న్యూట్రల్‌లోకి తెచ్చి, క్లచ్ ఒకసారి వదిలి, మళ్లీ తొక్కి ప్రయత్నించండి.

- ఇంజిన్ ఆపినప్పుడు అన్ని గేర్లూ సులువుగా పడి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు మాత్రమే పడకపోతే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. గేర్‌బాక్స్ జోలికి వెళ్లొద్దు.
- ఇంజిన్ ఆపినా గేర్లు గట్టిగానే ఉంటే లివర్, దాని కింద ఉండే కడ్డీలు, ఫోర్కుల దగ్గర లోపం ఉంది.
- ఒక్క గేరు మాత్రమే పడకపోతే ఆ గేరుకు సంబంధించిన ఫోర్కు లేదా పళ్ల దగ్గర లోపం ఉండొచ్చు.

పరీక్ష 2: ఐదు అంకెలు లెక్కపెట్టండి

ఇంజిన్ స్టార్ట్ చేసి తక్కువ వేగంలో ఉంచండి. లివర్ న్యూట్రల్‌లో ఉండాలి. క్లచ్ అడుగు వరకు తొక్కి, ఒకటి నుంచి ఐదు వరకు నెమ్మదిగా లెక్కపెట్టి, అప్పుడు రివర్స్ గేరు వేయండి.

అంతసేపు ఆగాక శబ్దం లేకుండా పడితే క్లచ్ విడిపోతోంది. మీరు ఇంతకాలం క్లచ్ తొక్కిన వెంటనే తొందరపడి వేస్తున్నారని అర్థం. డ్రైవర్ అలవాటు మార్చుకుంటే చాలు. ఐదు లెక్కపెట్టాక కూడా కరకరమంటే, లేదా క్లచ్ తొక్కే ఉన్నా బండి మెల్లగా కదలాలని చూస్తుంటే క్లచ్ పట్టుకునే ఉంది.

పరీక్ష 3: పెడల్ ఫ్రీ ప్లే కొలవండి

క్లచ్ పెడల్‌ను చేత్తో నొక్కితే మొదట కొంత దూరం తేలిగ్గా దిగుతుంది. ఆ తర్వాత గట్టిగా తగులుతుంది. ఆ తేలిగ్గా దిగే దూరమే ఫ్రీ ప్లే. పెడల్ పక్కన స్కేలు పెట్టి కొలవండి. చాలా మోడళ్లలో ఇది 20 నుంచి 40 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ బండికి ఎంత ఉండాలో కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. పుస్తకం లేకపోతే ఆ కంపెనీ డీలరును అడిగి గోడ మీదైనా రాసి పెట్టుకోండి.

ఫ్రీ ప్లే ఎక్కువైతే పెడల్ అడుగుకు తొక్కినా క్లచ్ పూర్తిగా విడిపోదు. గేరు కరకరమంటుంది. పాత బండ్లలో పెడల్ పిన్నులు, రాడ్డు రంధ్రాలు అరిగితే ఇలా అవుతుంది.

ఫ్రీ ప్లే తక్కువైతే లేదా అసలు లేకపోతే క్లచ్ ఎప్పుడూ సగం తొక్కినట్టే ఉంటుంది. ప్లేటు జారి కాలిపోతుంది, రిలీజ్ బేరింగ్ ఆగకుండా తిరిగి అరిగిపోతుంది. ప్లేటు లైనింగ్ అరిగేకొద్దీ ఫ్రీ ప్లే తగ్గుతూ వస్తుంది కాబట్టి, దాన్ని అప్పుడప్పుడు సరిచేసుకుంటూ ఉండాలి.

సరిచేయడం కష్టం కాదు. పెడల్‌కు కలిపిన రాడ్డు దగ్గర లాక్ నట్టు వదులు చేసి, రాడ్డు పొడవును కొద్దికొద్దిగా మార్చి, ప్రతిసారీ కొలిచి, సరైన దూరం వచ్చాక నట్టు బిగించాలి. అంతకు ముందే పిన్నులు, స్ప్లిట్ పిన్నులు చూడండి. పిన్ను అరిగి రంధ్రంలో లొడలొడలాడుతుంటే పిన్ను మార్చకుండా రాడ్డు మాత్రమే తిప్పితే పది రోజుల్లో మళ్లీ మొదటికే వస్తుంది. పెడల్ షాఫ్టుకు గ్రీజు కొట్టడం మరవొద్దు. బురదతో అది బిగుసుకుపోతే పెడల్ పైకి సరిగా లేవదు.

రెండు దశల క్లచ్ ఉన్న బండ్లలో పెడల్ సగం తొక్కితే బండి ఆగుతుంది, పూర్తిగా తొక్కితే పీటీఓ కూడా ఆగుతుంది. బండి గేర్లు బాగానే పడి పీటీఓ లివర్ మాత్రమే కరకరమంటుంటే రెండో దశ సర్దుబాటు చూడాలి. అది మెకానిక్ పని.

పరీక్ష 4: క్లచ్ జారుతోందా?

గేరు పడుతుంది, ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం లాగదు. ఇది గేరు సమస్య అనుకుంటారు గానీ చాలాసార్లు క్లచ్ జారడమే.

ముందు ఎవరూ లేని చదును చోట పార్కింగ్ బ్రేక్ వేసి, రెండు బ్రేకులు తొక్కి పట్టుకుని, పెద్ద గేరు వేసి, ఇంజిన్ వేగం కొద్దిగా పెంచి, క్లచ్ నెమ్మదిగా వదలండి. క్లచ్ బాగుంటే ఇంజిన్ అణగి ఆగిపోతుంది. క్లచ్ పూర్తిగా వదిలినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటే, బండి కూడా కదలకపోతే, ప్లేటు జారుతోంది. వెంటనే క్లచ్ తొక్కేయండి. ఈ పరీక్ష ఒక్కసారే చేయాలి. పదేపదే చేస్తే మిగిలిన లైనింగ్ కూడా కాలిపోతుంది.

జారుతోందని తేలితే ముందు ఫ్రీ ప్లే చూడండి. అది సరిచేసినా జారుతుంటే ప్లేటు అరిగి ఉండాలి, లేదా ప్లేటుకు ఆయిల్ అంటి ఉండాలి.

పరీక్ష 5: శబ్దం ఎప్పుడు వస్తోందో వినండి

ఇంజిన్ నడుస్తుండగా న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ తొక్కి, వదిలి జాగ్రత్తగా వినండి.

- క్లచ్ తొక్కగానే గీరినట్టు, ఈల వేసినట్టు శబ్దం మొదలైతే రిలీజ్ బేరింగ్‌ను అనుమానించాలి. ఫ్లైవీల్ మధ్యలో ఉండే పైలట్ బేరింగ్ కూడా ఇలా చప్పుడు చేయొచ్చు.
- క్లచ్ వదిలినప్పుడు శబ్దం ఉండి, తొక్కితే ఆగిపోతే గేర్‌బాక్స్ బేరింగ్‌లను అనుమానించాలి.
- న్యూట్రల్‌లో చప్పుడు లేకుండా ఒక గేరులో మాత్రమే మోత ఉంటే ఆ గేరు పళ్లు అరిగి ఉండొచ్చు.

ఇది గమనించి మెకానిక్‌కు చెబితే ఆయన పని సగం తగ్గుతుంది.

పరీక్ష 6: ఆయిల్ చూడండి

బండి చదునుగా ఉండగా, ఇంజిన్ ఆపి కొద్దిసేపు ఆగాక గేర్‌బాక్స్ ఆయిల్ పుల్లను తీసి చూడండి. మట్టం మాత్రమే కాదు, రంగు కూడా చూడాలి.

- మట్టం తగ్గితే ఎక్కడో కారుతోంది. వెనుక ఇరుసు సీళ్లు, పీటీఓ సీలు, క్లచ్ హౌసింగ్ అడుగు చూడండి.
- ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. ఆ ఆయిల్‌తో నడిపితే బేరింగ్‌లు, పళ్లు తుప్పు పట్టి అరిగిపోతాయి. బండి ఆపి ఆయిల్ మొత్తం తీసేయించండి.
- డ్రెయిన్ బోల్టుకు అయస్కాంతం ఉంటే దానికి మెత్తటి బూడిద రంగు పేస్టు అంటి ఉండటం మామూలే. గీకితే గుచ్చుకునే ఇనుప ముక్కలు, పళ్ల పెచ్చులు కనిపిస్తే లోపల ఏదో విరిగింది. అప్పుడు మాత్రం గేర్‌బాక్స్ విప్పక తప్పదు. ఇంకా నడిపితే ఆ ముక్క మిగతా గేర్లనూ పాడు చేస్తుంది.

చాలా ట్రాక్టర్లలో గేర్‌బాక్స్‌కూ, హైడ్రాలిక్ లిఫ్టుకూ ఒకటే ఆయిల్. బ్రేకులు ఆయిల్‌లో మునిగి ఉండే మోడళ్లలో బ్రేకులకూ అదే. కాబట్టి పుస్తకంలో చెప్పిన రకమే పోయాలి. చవకగా దొరికిందని ఏదో ఒక గేరు ఆయిల్ పోస్తే లిఫ్టు, బ్రేకులు కూడా ఇబ్బంది పెడతాయి. మరో సంగతి. హైడ్రాలిక్ తొట్టి ఎత్తడానికి చాలా బండ్లలో ట్రాక్టర్ ఆయిలే వాడుకుంటుంది. పది బండ్లకు తిరిగిన తొట్టిని తగిలిస్తే అందులోని మురికి ఆయిల్ మీ గేర్‌బాక్స్‌లోకి చేరుతుంది. గొట్టం తగిలించే ముందు కనీసం దాని మూతిని శుభ్రంగా తుడవండి.

వేసిన గేరు జారిపోతుంటే

నడుస్తుండగా లివర్ దానంతట అదే న్యూట్రల్‌లోకి రావడం చాలా ప్రమాదకరం. చెరువు కట్ట దిగేటప్పుడో, ధాన్యం బస్తాల లోడుతో వంతెన దిగేటప్పుడో గేరు జారితే ఇంజిన్ పట్టు పోతుంది. తొట్టి బరువంతా ట్రాక్టర్‌ను ముందుకు తోస్తుంది.

లోపల గేరు కడ్డీలను వాటి స్థానంలో పట్టి ఉంచడానికి చిన్న బాలు, దాన్ని నొక్కే స్ప్రింగు ఉంటాయి. లివర్ వేసినప్పుడు మీకు తగిలే ‘టక్’ అదే. గేరు జారడానికి ముఖ్య కారణాలు ఇవి:

1. లివర్ పూర్తిగా లోపలికి వేయకపోవడం. లివర్ కింది భాగానికి ఫుట్‌బోర్డో, తర్వాత బిగించిన ఇనుప రేకో అడ్డు తగులుతోందేమో చూడండి.
2. గేర్ లివర్ టాప్ కవర్ బోల్టులు వదులు కావడం. ఇది పాన పట్టుకుని మీరే చూసుకోవచ్చు.
3. బాలు స్ప్రింగు బలహీనపడటం లేదా విరగడం. లివర్ వేస్తే ‘టక్’ తగలకుండా మెత్తగా ఉంటే దీన్ని అనుమానించాలి. చాలా బండ్లలో టాప్ కవర్ తీసి దీన్ని మార్చవచ్చు, బండిని విడదీయనక్కరలేదు.
4. ఫోర్కు అరగడం లేదా వంగడం. దీనికి పెద్ద కారణం డ్రైవర్ ఎప్పుడూ లివర్ మీద చెయ్యి ఆన్చి నడపడమే.
5. గేరు పళ్ల అంచులు గుండ్రంగా అరిగిపోవడం, బేరింగ్‌లలో ఆట ఎక్కువ కావడం. ఇది విప్పాల్సిన పనే.

ఒక్క గేరే జారుతుంటే ఆ గేరు ఫోర్కు, పళ్లు చూడమనండి. ఒకే కడ్డీ మీద ఉన్న రెండు గేర్లూ జారుతుంటే ఆ కడ్డీ బాలు, స్ప్రింగును చూడాలి. అన్ని గేర్లూ జారుతుంటే టాప్ కవర్, బేరింగ్‌ల వైపు చూడాలి.

జారే గేరును సైకిల్ ట్యూబుతో కట్టి నడిపేవాళ్లను నేను చూశాను. ఇలా ఎప్పుడూ చేయొద్దు. కట్టిన గేరు ఆపదలో చేతికి రాదు, లోపల ఫోర్కు రాపిడికి కాలిపోతుంది. బాగు చేయించే వరకు ఆ గేరు వాడకండి, లోడు తొట్టి అసలు తగిలించకండి. దిగుడులో గేరు జారితే మళ్లీ గేరు వేయాలని కుస్తీ పట్టొద్దు. కలిపి ఉన్న రెండు బ్రేకులను సమంగా తొక్కి బండిని ఆపండి. రోడ్డెక్కే ముందు బ్రేకు పెడళ్ల కొక్కెం వేయాలని చెప్పేది ఇందుకే.

లివర్ బిగుసుకుపోతే

లివర్ కింది కొన అరిగిపోతే అది కడ్డీ గాడిలోంచి తప్పుకుంటుంది. కొన్నిసార్లు రెండు గేర్లు ఒకేసారి పడి బండి ముందుకూ పోదు, వెనక్కూ పోదు. క్లచ్ వదలగానే ఇంజిన్ ఆగిపోతుంది.

ఇలాంటప్పుడు వేరే ట్రాక్టర్‌తో లాగించవద్దు, లివర్‌కు పైపు తొడిగి బలంగా గుంజవద్దు. పళ్లు విరుగుతాయి, లేదా గేర్‌బాక్స్ పగులుతుంది. ఇంజిన్ ఆపి, క్లచ్ తొక్కి, లివర్‌ను మెల్లగా అటూ ఇటూ కదిపి చూడండి. రాకపోతే మెకానిక్‌ను పిలవండి. టాప్ కవర్ తీసి కడ్డీలను న్యూట్రల్ గాడిలోకి తెస్తే సరిపోతుంది. పొలంలోనే అవుతుంది. కొన అరిగిన లివర్‌ను మాత్రం అలాగే వదిలేయకుండా సరిచేయించండి.

చాలా రోజులు నిలిపిన బండిలో గేరు పడకపోతే

వానాకాలంలో నెలల తరబడి కదలకుండా ఉంటే క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుంటుంది. నిన్నటిదాకా బాగున్న బండికి ఈ రోజు ఒక్క గేరూ పడదు. ఇంజిన్ ఆపితే మాత్రం అన్నీ పడతాయి.

ముందుగా క్లచ్ పెడల్ పూర్తిగా నొక్కి కొక్కెం వేసి ఒక రాత్రి ఉంచండి. ఒక్కోసారి అంతటితోనే వదులుతుంది. గేరులో పెట్టి సెల్ఫ్ కొట్టి కుదుపుతో విడిపించే పద్ధతి ఊళ్లలో ఉంది. బండి ఒక్కసారిగా దూకుతుంది కాబట్టి మీరు ప్రయత్నించవద్దు, అనుభవమున్న మెకానిక్‌కే వదిలేయండి.

ఇది రాకుండా చూసుకోవడం చాలా సులువు. పని లేని రోజుల్లో బండిని పైకప్పు కింద పెట్టి, క్లచ్ పెడల్ నొక్కి ఉంచే కొక్కెం వేయండి. కొక్కెం లేకపోతే తగిన కర్ర చెక్క పెట్టండి. వారానికోసారి స్టార్ట్ చేసి పది అడుగులు ముందుకూ వెనక్కూ నడపండి.

దమ్ము చేసే రైతులకు ప్రత్యేక సూచనలు

మన వరి ప్రాంతాల్లో క్లచ్‌లు, గేర్‌బాక్స్‌లు తొందరగా పాడవడానికి బురద నీళ్లే ముఖ్య కారణం.

- క్లచ్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. కొన్ని మోడళ్లలో దమ్ముకు ముందు దీన్ని మూయడానికి బిరడా ఇస్తారు. దమ్ము అయ్యాక బిరడా తీసి లోపలి నీళ్లు వదిలేయాలి. తీయడం మరిచిపోతే నీళ్లు, ఆయిల్ లోపలే నిలిచి ప్లేటును పాడు చేస్తాయి.
- ఆ రంధ్రంలోంచి ఏం కారుతోందో చూడండి. నల్లటి పలుచని ఆయిల్ అయితే ఇంజిన్ వెనుక సీలు పోయింది. చిక్కటి, లేత రంగు ఆయిల్ అయితే గేర్‌బాక్స్ ముందు సీలు పోయింది. బురద నీళ్లే వస్తే బండి మరీ లోతులో దిగింది.
- గేర్ లివర్ మొదట్లో ఉండే రబ్బరు తొడుగు చినిగితే వాన నీళ్లు నేరుగా లోపలికి పోతాయి. కొత్తది తక్కువ ధరకే దొరుకుతుంది. అది మార్చకపోతే గేర్‌బాక్స్ ఆయిల్ మొత్తం మార్చాల్సి వస్తుంది.
- గేర్‌బాక్స్ పైన ఉండే గాలి రంధ్రం మూత బురదతో పూడిపోతే లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల దగ్గర ఆయిల్ కారుతుంది. సీజన్‌కు ముందు దాన్ని విప్పి శుభ్రం చేయండి.
- దమ్ము ముగిసిన రోజే బండి కడిగి, పెడళ్లకు గ్రీజు కొట్టి, మర్నాడు ఉదయం ఆయిల్ రంగు చూడండి.

విప్పక తప్పనప్పుడు మెకానిక్‌తో ఇలా మాట్లాడండి

పరీక్షలన్నీ చేశాక ప్లేటో, బేరింగో, గేరో పోయిందని తేలితే బండిని విడదీయాల్సిందే. ఈ పని పొలం గట్టున కాకుండా షెడ్డులో, సరైన స్టాండ్ల మీద చేయించండి. జాకీ మీద మాత్రమే నిలిపిన బండి కిందికి ఎవరూ దూరకూడదు.

- ఏ గేరు, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, లోడు మీదా ఖాళీగానా, ఎన్నాళ్ల నుంచి అనేవి కాగితం మీద రాసి ఇవ్వండి.
- విప్పే ముందే పెడల్ ఫ్రీ ప్లే చూశారా అని అడగండి.
- క్లచ్ కోసం విప్పితే ప్లేటుతో పాటు రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, రెండు వైపుల సీళ్లు కూడా చూసి, అవసరమైతే అప్పుడే మార్పించండి. విప్పే కూలీ ఒక్కటే. రెండు నెలలకు సీలు కోసం మళ్లీ విప్పితే ఆ కూలీ రెండింతలు అవుతుంది.
- ఆయిల్ అంటిన ప్లేటును పెట్రోలుతో కడిగి మళ్లీ వేయమనకండి. లైనింగ్ పీల్చుకున్న ఆయిల్ పూర్తిగా పోదు.
- తీసిన పాత సామాను మీకు ఇవ్వమని ముందే చెప్పండి. అరుగుదల మీ కళ్లతో చూడండి.
- కొత్త ప్లేటు వేశాక కొన్ని రోజుల పని తర్వాత ఫ్రీ ప్లే మళ్లీ కొలవండి. అది కొద్దిగా మారుతుంది.

రోజూ పాటించాల్సిన అలవాట్లు

గేర్లు సగం అరిగేది డ్రైవర్ చేతిలోనే. బండి మీరు నడిపినా, కూలీకి డ్రైవర్‌ను పెట్టినా ఇవి పాటించాలి.

1. బండి పూర్తిగా ఆగాకే గేరు మార్చండి. ముందుకు పోతుండగా రివర్స్ వేయకండి.
2. క్లచ్ తొక్కి మూడు లెక్కపెట్టి గేరు వేయండి.
3. నడుస్తున్నప్పుడు క్లచ్ పెడల్ మీద కాలు, గేర్ లివర్ మీద చెయ్యి పెట్టకండి.
4. బురదలో దిగబడితే క్లచ్‌ను సగం తొక్కి ఇంజిన్ అరిపించకండి. ప్లేటు కాలిపోతుంది.
5. దిగుడులో న్యూట్రల్ చేసి డీజిల్ ఆదా అనుకోకండి. ఎక్కడానికి ఏ గేరో దిగడానికీ అదే గేరు.
6. పదిహేను రోజులకోసారి ఫ్రీ ప్లే, ఆయిల్ మట్టం చూడండి. ఆయిల్ మార్చాల్సిన గంటలు పుస్తకంలో ఉంటాయి. మీటరు పనిచేయకపోతే రోజుకు ఎన్ని గంటలు నడిపారో నోటు పుస్తకంలో రాసుకోండి.

ట్రాక్టర్ మరమ్మతులు, నిర్వహణ నేర్చుకోవాలనుకునే రైతులకు, యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఇంట్లో ఒకరు అక్కడ శిక్షణ పొందితే ఊరికే ఉపయోగపడుతుంది. వివరాలకు మీ మండల వ్యవసాయ అధికారిని అడగండి.

చివరిగా ఒక మాట. సీజన్ మొదలవడానికి నెల ముందే ఈ ఆరు పరీక్షలు చేసి చూడండి. ఒక పూట పని. అప్పుడు లోపం బయటపడితే మెకానిక్ తీరిగ్గా దొరుకుతాడు, సామాను ధర నాలుగు చోట్ల అడగవచ్చు. అదే లోపం నారు ముదిరాక బయటపడితే అడిగినంత ఇచ్చి, చెప్పిందల్లా విప్పించుకోవాల్సి వస్తుంది. మొదట చెప్పిన ఆ రైతు ఇప్పుడు ఏటా మే నెలలో స్కేలు పట్టుకుని పెడల్ కొలుస్తున్నాడు. ఆ తర్వాత ఆయన గేర్‌బాక్స్ మళ్లీ విప్పాల్సిన అవసరం రాలేదు.